స్తంభం వెనక సీటు

సాయంత్రం ఆరుంబావు అయ్యేసరికి ఆ వీధిలో అందరికీ ఒక్కసారే పనులు పుట్టుకొస్తాయి. పత్రికల కొట్టావిడ పేపర్ల కట్టల మీద రాళ్ళు పెడుతుంది. ఇస్త్రీ బండివాడు మడత పెట్టిన చొక్కాల మీద మోచెయ్యి ఆనించి నిలబడతాడు. సెలూన్ పెద్దాయన కత్తిని గడ్డం మీంచి తీసి గాల్లో పట్టుకుంటాడు. కుర్చీలో ఉన్నది కొత్తవాడైతే ఏమైందని కళ్ళు తెరుస్తాడు. పాతవాడైతే నోరు మూసుకుని తువ్వాలు గట్టిగా పట్టుకుంటాడు.

సరిగ్గా ఆరున్నరకి, తెర లేవడానికి క్షణం ముందు, వీధి మధ్యలో ఉన్న పాత నాటకాల హాలు ఊపిరి పీలుస్తుంది.

ముందరి తలుపులు మూడూ లోపలికి తెరుచుకుంటాయి. పైన గుమ్మటం జానెడు లేస్తుంది. పక్కగోడలు చెరో రెండు వేళ్ళు వెనక్కి జరుగుతాయి. వీధిలో గాలీ, దాంతోపాటు నాలుగైదు బస్సు టికెట్లూ, ఎవరిదో టోపీ లోపలికి వెళ్ళిపోతాయి. నాటకం అయ్యాక పెద్ద నిట్టూర్పుతో అన్నీ బయటికొస్తాయి. టోపీ కావలసినవాళ్ళు మర్నాడు సెలూన్లో అడిగి తీసుకోవాలి.

ఎందుకిలా అని అక్కడ ఎవరూ అడగరు. తెర వెనక నటులు గుండెనిండా గాలి పీల్చుకుంటారు కదా, హాలు పీల్చుకుంటే వచ్చిన నష్టమేమిటి?

హాలు బాగోగులు చూసేది హాలక్క. అసలు పేరు, ఎవరైనా అడిగితే గాని, ఆమెకే గుర్తురాదు. టికెట్ల కిటికీ ఆమెదే, తాళాల గుత్తి ఆమెదే, గోడల పెచ్చులూడితే సున్నం కలిపేదీ ఆమే. పొద్దున పదింటికి చూడ్డానికొచ్చినవాళ్ళకి హాలు చూపించేదీ ఆమే. ఆ పని మాత్రం జీతం లేకపోయినా చేసేది, ఎందుకంటే మధ్యలో ఎవరూ అడ్డం మాట్లాడరు.

"దీన్ని కట్టించింది తాళ్ళ వ్యాపారి," అని మొదలుపెట్టేది. ఓడలకి తాళ్ళు అమ్మేవాడు. ఓడలు ఇనపగొలుసులకి మారేసరికి గోదాం నిండా తాళ్ళు మిగిలిపోయాయి. తాళ్ళు బాగా కావలసిన చోటు ఇంకేముందా అని ఆలోచిస్తే, తెరలు లేపే నాటకాల హాలు తట్టింది. ఇల్లు కట్టే మేస్త్రీలు నమ్మకస్థులు కారని, ఖాళీగా ఉన్న ఓడ వడ్రంగుల్ని పిలిపించాడు. వాళ్ళకి తెలిసింది ఒక్కటే విద్య. అందుకే గుమ్మటం బోర్లించిన ఓడలా ఉంటుంది, లోపల ఒక్క మేకు ఉండదు, చెక్కలోకి చెక్క దూరి పట్టుకుని ఉంటుంది. హాలు గుర్రపునాడా ఆకారంలో వంగి ఉంటుంది కాబట్టి, ఒక చివర గుసగుసలాడితే రెండో చివర చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. "అందుకని మీ అత్తగారి గురించి ఏమన్నా ఉంటే బయటికెళ్ళాక మాట్లాడుకోండి."

తర్వాత బాల్కనీ అంచున నలభై ఎనిమిది సున్నపు ముఖాలు. దేవతలూ రాజులూ కారు, హాలు కట్టిన కూలీలు. మూడో ముఖం తుమ్మబోతున్నట్టు ఉంటుంది, ముక్కు మీద పగులుంది. తర్వాత బాల్కనీని మోసే పోతినుప స్తంభాలు ఆరు. హాలంతా పీల్చుకుని వదులుతుందే గాని ఈ ఆరూ ఉన్నచోటునుంచి వెంట్రుకవాసి కదలవు. ఆఖరున సీట్లు. ప్రతి సీటు కిందా పుట్టగొడుగులాంటి ఇనపమూత, దాని కింద గాలి రంధ్రం. ఎడమవైపు ఏడో వరసలో చివరి సీటు దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు తగ్గించేది. ఆ సీట్లో కూచుంటే రంగస్థలం కనపడదు. స్తంభం మాత్రం చాలా బాగా కనపడుతుంది. హాలక్క వాళ్ళమ్మ టికెట్ల కిటికీలో కూచున్న రోజుల్లో, తనకి ఎవరిమీద కోపమొస్తే వాళ్ళకి ఆ సీటు రాసిచ్చేది. హాలక్క వాళ్ళ నాన్నకి నాలుగేళ్ళు వరసగా అదే సీటు.

చూడ్డానికొచ్చినవాళ్ళకి చెప్పని సంగతి ఒకటుంది. ఆ సీట్ల మధ్య పెరిగింది హాలక్క ఒక్కతే కాదు, తమ్ముడు కూడా. వాడికి చిన్నప్పుడు ఉబ్బసం. అమ్మకి కిటికీ వదిలి రావడానికి ఉండేది కాదు కాబట్టి హాలక్కే వాణ్ణి నాలుగో వరసలో ఇనపమూత పక్కన పడుకోబెట్టేది. హాలు పీల్చినప్పుడు పీల్చు, వదిలినప్పుడు వదులు, అని వీపు మీద చెయ్యి వేసి చెప్పేది. వాడు అలాగే నేర్చుకున్నాడు. నడవడం కూడా ఆ వాలు నేల మీదే నేర్చుకున్నాడు, అందుకే నలభై ఏళ్ళొచ్చినా బల్లపరుపు రోడ్డు మీద కూడా దిగుతున్నవాడిలా ముందుకు వంగి నడుస్తాడు. వీధి చివర్నుంచి చూసినా వాడేనని తెలిసిపోతుంది.

ఇద్దరూ కలిసి చేసిన పని ఇంకొకటుంది. హాలు నక్షాలు. కట్టినవాళ్ళు కాగితం మీద గీత గీయలేదు, ఓడ వడ్రంగులకి ఆ అలవాటు లేదు. ఆ లోటు హాలక్క పూడ్చింది. పదకొండేళ్ళు, సెలవు రోజుల్లో, టేపు ఆ చివర తమ్ముడు, ఈ చివర తను. ఒక్కటే నియమం: ఏ కొలతైనా హాలు ఊపిరి వదిలాకే తీయాలి. అలా తీసినదానికి కాగితం మూల చిన్న సున్నా, మధ్యలో చుక్క. ఇంజనీరింగ్ చదివి పెద్ద కట్టడాల కంపెనీలో చేరేదాకా తమ్ముడు టేపు వదల్లేదు. చేరాక కూడా కాపురం మూడు వీధుల అవతలే పెట్టాడు. ఉబ్బసం మళ్ళీ రాలేదు. మందులు బాగా పనిచేశాయని వాడి నమ్మకం.

ఒకరోజు వాడే వచ్చి, పైకప్పు మరమ్మతుకి నగర కార్యాలయం అనుమతి కావాలనీ, నక్షాలు చూపిస్తే తేలిగ్గా ఇస్తారనీ చెప్పాడు. ఒక నెల చాలన్నాడు. హాలక్క నూట నలభై కాగితాల్నీ దుప్పట్లో చుట్టి, వానలో తడవకుండా తనే వాళ్ళింటికి మోసుకెళ్ళింది. పైగా కాఫీ కూడా తాగొచ్చింది.

నెల తర్వాత హాలు ఎదురుగా పెద్ద బోర్డు లేచింది. దాని మీద హాలు ముఖం, మూడు తలుపులతో సహా. ముఖం వెనకనుంచి పన్నెండంతస్తుల అద్దాల మేడ. "చరిత్రను కాపాడుతూ" అని కింద రాసుంది. పత్రికల కొట్టావిడ చూసి, బొమ్మ బాగుందే అంది. బాగుండక ఏం చేస్తుంది? తలుపుల పైన చెక్కిన తీగల వరసలో, మూడో తీగ ఆకు కొస విరిగి ఉంది. అది నిజంగా విరిగింది కాదు. ఇరవై ఏళ్ళ కిందట తుమ్మొచ్చి పెన్సిలు జారితే హాలక్క చేతిలో, కాగితం మీద విరిగింది.

అప్పటికే హాలు సొంతదారులు ఎక్కడో ఉండి అమ్మేసుకున్నారు. కొన్నది తమ్ముడి కంపెనీ. వాళ్ళకి అడ్డం ఒక్కటే: సరైన నక్షాలు లేనిదే పాత కట్టడాన్ని ముట్టుకోకూడదని నగర నిబంధన. ఇన్నేళ్ళూ హాలుని కాపాడింది నక్షాలు లేకపోవడమే. ఆ లోటు తనే, పదకొండేళ్ళు కష్టపడి, సున్నాలూ చుక్కలూ పెట్టి మరీ తీర్చింది.

తమ్ముడు ఆ సాయంత్రమే వచ్చాడు. టికెట్ల కిటికీ అవతల నిలబడ్డాడు.

"ముఖం అలాగే ఉంటుందక్కా," అన్నాడు. "ఒక్క గీత పోదు. నేను లేకపోతే మొత్తం పడగొట్టేవాళ్ళు."

"వెనకాల హాలు?"

"అది ఎవరికి కావాలి చెప్పు? నిన్న ఎంతమంది వచ్చారు?"

"నిన్న సంగతి కాదు. పైకప్పు మరమ్మతుకని అడిగావా, లేదా?"

"అడిగాను."

"చాలు," అంది హాలక్క. "ఇంకేం అడగను. పదేళ్ళ పిల్లాడివి, నీకు ఊపిరాడక పెదాలు నల్లబడితే ఏ మూత పక్కన పడుకోబెట్టానో అది కూడా అడగను."

ఆమె చెక్క కిటికీ దించేస్తుంటే తమ్ముడు వేళ్ళు వెనక్కి లాక్కున్నాడు. వేళ్ళు నలగకుండా ఒక్క క్షణం ఆగిందని తర్వాత తనమీద తనే విసుక్కుంది.

పని ఎలాగంటే, హాలు ముందరి గోడ వెనక, రెండు పక్కగోడల మధ్య పెద్ద ఉక్కు చట్రం బిగించాలి. అది ముఖాన్ని పట్టుకుంటే, మిగతాదంతా కూల్చేయొచ్చు. చట్రం నక్షాల ప్రకారం చేయించారు. నకలు తీసినవాళ్ళు మూలనున్న సున్నాని సిరా మరకనుకుని తుడిచేశారు గాని, తమ్ముడికి నియమం కొత్తా? ఊపిరి వదిలాక బిగించాలని కాంట్రాక్టరుకి ముందే చెప్పాడు. కాంట్రాక్టరు బుర్రూపాడు. లోకంలో ఎన్ని రకాల భవనాలు చూడలేదు ఆయన.

అనుమతికి ఒక గడువు కూడా ఉంది. ఫలానా రోజు సాయంత్రం ఐదులోపు చట్రం నిలబడకపోతే అనుమతి రద్దయి, హాలు కాపాడవలసిన కట్టడాల జాబితాలోకి పోతుంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. ఆ షరతు ఇరికించింది నగర కార్యాలయంలో ఒక ముసలి గుమాస్తా. ఆయన టోపీని హాలు ఎప్పుడో మింగి, మర్నాడు బుద్ధిగా తిరిగిచ్చిందట.

గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా చట్రం లారీ మీద వచ్చింది. ఆ మధ్యాహ్నమే, నాటకం లేదు ఏం లేదు, హాలు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. పీల్చి, బిగబట్టింది.

కొలిస్తే గోడల మధ్య నాలుగు వేళ్ళు ఎక్కువ. చట్రం పొట్టిదైపోయింది. రేపటికి వదులుతుందిలే అన్నాడు కాంట్రాక్టరు. రేపటికీ వదల్లేదు. సందుల్లో ఇనప ముక్కలు పెట్టి సరిచేద్దామని చేయించుకొస్తే, ఇంకో రెండు వేళ్ళు ఛాతీ విరుచుకుంది. వీధిలో గాలి ఆగిపోయింది. పత్రికల కొట్టావిడ రాళ్ళు తీసి మూల పడేసింది. చొక్కాలు ఆరడం లేదు. సెలూన్ పెద్దాయన అరచేత్తో విసురుకుంటూ, లోపలున్న గాలి మా వీధిదేనని మర్చిపోవద్దన్నాడు. అయినా హాలుని తిట్టినవాడు లేడు. అలిగినవాళ్ళని పలకరిస్తున్నట్టు, దాటేటప్పుడు గోడని ఒకసారి తట్టి వెళ్ళేవాళ్ళు.

కొలతలు మాత్రం రోజూ తీశారు. నా గోడల మీద పరాయి చెయ్యి పడ్డానికి వీల్లేదని హాలక్క ఒక చివర తనే పట్టుకుంది. రెండో చివర అంకెలు చదవాల్సింది తమ్ముడు. ఆ తొమ్మిది రోజులూ అక్కాతమ్ముళ్ళ మధ్య అరవై రెండడుగుల టేపు తప్ప మరో మాట లేదు. "అరవై రెండడుగుల ఏడంగుళాలు," అని వాడు అనడం, ఈమె ఆ చివర వదిలేయడం, టేపు సర్రున వెళ్ళి వాడి వేళ్ళకి తగలడం. కావాలనే వదిలేది.

ఆరో రోజునుంచి వాడు అంకెలు చదవడానికి మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. మెట్లెక్కితే స్తంభం పట్టుకుంటున్నాడు. హాలక్క చూడలేదు. చూడలేదంటే, చూసి చూడనట్టు పని చేసుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒంటిగంట. ఇప్పుడు కొలత సరిపోతే చట్రం లోపలికి తెచ్చి ఐదుకల్లా బిగించేయొచ్చు. సరిపోకపోతే ఇక టైము లేదు. కాంట్రాక్టరు నడవ మధ్యలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కుడి గోడ దగ్గర హాలక్క టేపు కొస పట్టుకుంది. ఎడమ గోడ దగ్గర తమ్ముడు టేపు బిగలాగాడు.

అంకెలు రాలేదు. వాటి బదులు సన్నటి ఈల వినపడింది.

గుర్రపునాడా హాలు కదా, అరవై రెండడుగుల అవతలి ఛాతీలో ఈల ఆమె చెవిలోనే మోగింది. ముప్పయ్యేళ్ళయినా ఆ చప్పుడు మర్చిపోయేది కాదు. తమ్ముడు గోడకి జారగిలబడ్డాడు. ఒక చెయ్యి నేలమీద, రెండో చెయ్యి మాత్రం టేపు వదల్లేదు. నోరు తెరుస్తున్నాడు, గాలి పోవడంలేదు. కాంట్రాక్టరు నీళ్ళు, నీళ్ళు అంటున్నాడు.

హాలక్క కదల్లేదు. ఊపిరి బిగబట్టినవాళ్ళు ఇద్దరయ్యారు, హాలూ తనూ. మోసం చేశావుగా, అనుకుంది. నా చేతి గీతలు నా మీదికే తెచ్చావుగా. ఇంకో నాలుగు గంటలు ఇది ఇలాగే ఉంటే చాలు. ఇలా అనుకుంటున్నది తనేనని తెలుసు, అయినా కాలు కదల్లేదు.

కదిలింది హాలు.

ముందు నాలుగో వరసలో ఒక ఇనపమూత టక్కుమంది. తర్వాత దాని పక్కది. తర్వాత ఆరువందల మూతలూ ఒక్కసారి గలగలలాడి, తొమ్మిది రోజుల ఊపిరి సీట్ల కిందనుంచి బయటికొచ్చింది. మెల్లగా, వీపు మీద చెయ్యి వేసినట్టు. వీధిలో ఎవరిదో గొడుగు తిరగబడింది. పత్రికలు లేచి సెలూన్లోకి వెళ్ళాయి. గుమ్మటం దిగింది. హాలు మళ్ళీ పీల్చింది, చిన్నగా. మళ్ళీ వదిలింది. దాంతోపాటు తమ్ముడూ. పీల్చడం, వదలడం. వాడి పెదాలకి రంగొచ్చింది.

హాలు పూర్తిగా వదిలి ఆగింది. టేపు మధ్యలో ఉయ్యాల్లా వేలాడింది.

హాలక్క దాన్నే చూస్తోంది. గోడలు దగ్గరికొచ్చేశాయి. సరిగ్గా సున్నా, చుక్క. ఆ చట్రం ఇప్పుడు చేత్తో తోస్తే దిగిపోతుంది. వీడి ప్రాణం కోసం హాలు తన మెడ తనే అప్పజెప్పింది.

"వదిలింది కదూ," అన్నాడు కాంట్రాక్టరు సంతోషంగా. "సారూ, ఓపిక చేసుకుని చదవండి."

తమ్ముడు వేలాడుతున్న టేపుని చూశాడు. తర్వాత దాని వెంటే చూపు పంపి, చీకట్లో రెండో చివరనున్న అక్కని చూశాడు.

"అరవై రెండడుగుల ఏడంగుళాలు," అన్నాడు. "నిన్నటిదే."

"గాలొచ్చిందిగా?"

"గాలొచ్చింది. గోడలు కదల్లేదు."

కాంట్రాక్టరు వెర్రివాడు కాదు. ఏదీ నన్ను చూడనీ అంటూ వరస వెంట అటు నడిచాడు. చెప్పులు సీట్లకి తగులుతున్నాయి. హాలక్కకి ఆలోచించే వ్యవధి లేదు. టేపు కొసని చూపుడువేలికి చుట్టింది. ఒక చుట్టు. రెండు. ఇంకో సగం. ఉయ్యాల లేచి సమంగా బిగిసింది. అవతల కాంట్రాక్టరు వంగి, కళ్ళజోడు సర్దుకుని, తమ్ముడి బొటనవేలి దగ్గర అంకె చూశాడు. అరవై రెండడుగుల ఏడంగుళాలు. ఇంకోసారి చూశాడు. ఆమె వేలు నీలంగా మారింది.

"మొండిది," అన్నాడు హాలునుద్దేశించి, కొంచెం గౌరవంగానే. ఐదింటికి చట్రం వచ్చిన లారీలోనే వెళ్ళిపోయింది.

కంపెనీలో ఎవరూ మోసాన్ని అనుమానించలేదు. అంతకంటే ఘోరంగా, కొలవడం చేతకానివాడని పేరు పెట్టారు. ఊళ్ళోకెల్లా మంచి కొలతగాడికి ఇక ఎవరూ టేపు చేతికివ్వలేదు. వాడు కూడా ఎవరికీ ఏమీ సర్దిచెప్పుకోలేదు. మూడు వీధుల అవతల ఒక అల్మారాల దుకాణంలో అరలు బిగించే పనికి చేరాడని సెలూన్ పెద్దాయన చెప్పాడు. నక్షాలు మాత్రం కంపెనీ బీరువాలో ఉండిపోయాయి. హాలక్క మొదటి కాగితం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. రెండో చివర పట్టుకోడానికి మనిషి లేక, ఒక మేకు కొట్టుకుంది. మేకులు లేని హాల్లో అదే మొదటి మేకు.

హాలు తిరిగి తెరిచిన సాయంత్రం, ఆరింటికి, వీధి చివర ఒక మనిషి ముందుకు వంగి దిగుతున్నట్టు నడిచొచ్చాడు. కిటికీ ముందు నిలబడ్డాడు.

"ఒకటివ్వక్కా."

ఆమె తల ఎత్తకుండా రాసి తోసింది. ఎడమవైపు, ఏడో వరస, చివరిది. వాడు టికెట్ చూసుకున్నాడు. వెనక హాలు సగం ఖాళీ.

"ఇంకేం లేవా?"

"అదొక్కటే ఉంది," అంది. "అందులోంచి లేవడానికి నాన్నకి నాలుగేళ్ళు పట్టింది. ఆయన మర్చిపోయింది ఒట్టి గొడుగు."

వాడు లెక్క వేసుకుంటున్నవాడిలా వేళ్ళు మడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

ఆరున్నరకి వీధిలో రాళ్ళు పేపర్లెక్కాయి, కత్తి గాల్లో ఆగింది. హాలు పీల్చింది. తెర లేచేముందు హాలక్క తలుపు సందులోంచి చూసింది. చూడకూడదనుకునే చూసింది. ఏడో వరస ముందు పోతినుప స్తంభం, వెంట్రుకవాసి కదలనిదని రోజూ పదింటికి తను ప్రమాణం చేసి చెప్పేది, బరువు మార్చుకుంటున్న మనిషిలా మెల్లగా పక్కకి ఒదిగింది. తమ్ముడు మెడ చాచనవసరం లేకుండా సగం రంగస్థలం చూస్తున్నాడు. ఛాతీ హాలుతోపాటు పైకీ కిందకీ ఆడుతోంది.

బొత్తిగా పౌరుషం లేని భవనం, అనుకుంది హాలక్క.

మర్నాడు పొద్దున టేపు తీసుకెళ్ళి, హాలు వదిలేదాకా ఆగి, కొలిచింది. స్తంభం నాలుగు వేళ్ళు జరిగింది. తిరిగి పాత చోటికి వెళ్ళలేదు. కాగితం పరిచి పెన్సిలు చెక్కుకుంది. జీవితంలో ఒక్క తప్పు కొలత వేయని మనిషి, ఆ ఒక్క స్తంభాన్నీ మునుపున్న చోటే గీసింది. మూల సున్నా పెట్టింది. చుక్క పెట్టలేదు.